గడ్డికోత యంత్రానికి తగిన నూనె: కొన్ని మెలకువలు

ఇరుసుకు కందెన పెట్టడం మన పల్లెలలో బండి కట్టే ప్రతి రైతుకూ తెలిసిన విద్య. ఆముదంలో మసి కలిపి ఇరుసుకు పూసిన తరువాతనే బండి కదిలేది. ఎంతటి ఎడ్లజత అయినా పొడి ఇరుసు మీద బరువు లాగలేదు. లాగినా ఇరుసు అరగక తప్పదు. పెట్రోలు యంత్రాలు వచ్చిన తరువాత ఆముదం స్థానంలో ఇంజన్ ఆయిల్ వచ్చినది గాని సూత్రం మారలేదు. భాష బోధించే మాకు యంత్రాలతో ఏమి పని అని విద్యార్థులు అడగవచ్చును. దానికి ఒక కారణం ఉన్నది.

మన కళాశాల ఆటస్థలంలో గడ్డి కోయడానికి కొత్తగా ఒక పెట్రోలు యంత్రం తెచ్చారు. అంతకు ముందు అనేక సంవత్సరాలు మన మాలీ, విద్యార్థులందరూ 'చాచా' అని పిలిచే పెద్దమనిషి, భుజానికి తగిలించుకొనే టూ స్ట్రోక్ యంత్రంతోనే పని చేశారు. దానికి ప్రత్యేకమైన నూనె గది లేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. కొత్త యంత్రానికి కూడా ఆయన అలాగే కలిపి పోశారు. కొద్ది నిమిషాలలోనే ఇంజన్ పట్టివేసినది. పిస్టన్ గీరుకుపోయినదనీ, కనెక్టింగ్ రాడ్ విరిగినదనీ, అడుగున ఉన్న నూనె గదిలో చుక్క నూనె లేదనీ విప్పి చూచిన మెకానిక్ చెప్పాడు. మరమ్మతు ఖర్చును చాచా జీతంలో నెలనెలా మినహాయించాలన్న మాట కూడా వచ్చినది.

యంత్రంతో వచ్చిన పుస్తకం ఆంగ్లంలో ఉన్నది. చాచా ఉర్దూ చదువగలరు, తెలుగు కూడబలుకుకొని చదువుతారు, ఆంగ్లం రాదు. పుస్తకం మాత్రం ఆఫీసు బీరువాలో భద్రంగా ఉన్నది. మేము దానిని అడిగి తెచ్చుకొని చదివాము. ఇంజన్‌లో నూనె పోయకుండానే యంత్రాన్ని పంపినామనీ, నూనె పోయనిదే నడపరాదనీ మొదటి పుటలలోనే పెద్ద అక్షరాలతో ఉన్నది. ఈ వ్యాసం అక్కడ పుట్టినది.

నూనె చేసే పని ఏమిటి? రెండు లోహాలు ఒకదానితో ఒకటి రాచుకొనకుండా మధ్య పలుచని పొరగా నిలవడం దాని మొదటి పని. 1883లో బ్రిటన్‌లో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. నూనె పోయడానికి బేరింగు పైభాగాన రంధ్రం చేస్తే, నూనె లోపలికి పోవడానికి బదులు పైకి పొంగి వచ్చినది. కొయ్య బిరడా బిగిస్తే దానిని కూడా బయటికి నెట్టివేసినది. తిరిగే ఇరుసు తానే నూనెను సందులోనికి లాగుకొని, బరువును మోయగల ఒత్తిడిని దానిలో పుట్టిస్తున్నదని ఆ ప్రయోగాల వల్ల తేలినది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతం కూర్చాడు. అనగా ఇరుసు లోహం మీద కాదు, నూనె మీద తేలుతూ తిరుగుతున్నదన్న మాట. ఇదిగాక నూనె వేడిని మోసుకొనిపోతుంది, మసిని తనలో కలుపుకొంటుంది, పిస్టన్ రింగుల సందులను మూస్తుంది, తుప్పు పట్టనీయదు.

ఈ పొర నిలవడానికి నూనెకు ఉండవలసిన గుణమే స్నిగ్ధత. సంస్కృతంలో స్నేహ శబ్దానికి చెలిమి అనీ, నూనె అనీ రెండర్థాలు ఉన్నవి. స్నిగ్ధత కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. నూనె మరీ పలుచనైతే పొర తెగిపోతుంది. మరీ చిక్కనైతే సందులలోనికి వేళకు చేరదు. చిన్న ఇంజన్లలో చాలావాటికి నూనె పంపు ఉండదు. లోపల గరిటె వంటి భాగమో, రెక్కల చక్రమో తిరుగుతూ నూనెను అన్ని వైపులకూ చిమ్ముతుంది. నిమిషానికి సుమారు 3000 సార్లు తిరిగే ఇంజన్‌కు ఆ చిమ్మే నూనెయే ప్రాణం. గది ఖాళీగా ఉంటే చిమ్మడానికి ఏమీ ఉండదు. పెట్రోలులో కలిపిన నూనె ఆ లోటు తీర్చలేదు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలు మిశ్రమం క్రాంక్ గది గుండా పోతూ అక్కడి భాగాలను తడుపుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో అది నేరుగా సిలిండరు పై భాగానికే పోతుంది. చాచా పొరపాటు అంతా ఈ ఒక్క భేదంలో ఉన్నది.

ఇక డబ్బా మీది అంకెలు. ఎస్.ఏ.ఇ. 30 అంటే 30 డిగ్రీల వేడికి పనికివచ్చేదని కొందరు అనుకొంటారు. అది సరి కాదు. ఎస్.ఏ.ఇ. అనేది 1905లో అమెరికాలో ఏర్పడిన మోటారు ఇంజనీర్ల సంఘం పేరు. 30 అనేది ఆ సంఘం నిర్ణయించిన స్నిగ్ధత తరగతి. 100 డిగ్రీల సెల్సియస్ వద్ద స్నిగ్ధత 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు ఉన్న నూనె 30వ తరగతి, 12.5 నుంచి 16.3 లోపు ఉన్నది 40వ తరగతి. అదే 30వ తరగతి నూనెను 40 డిగ్రీల వద్ద కొలిస్తే సుమారు 100 సెంటీస్టోకులు ఉంటుంది. వేడి పెరిగే కొద్దీ నూనె ఎంతగా పలుచబడుతుందో దీనిని బట్టి గ్రహించవచ్చును.

10డబ్ల్యు-30 వంటి జంట అంకెలలో డబ్ల్యు అక్షరం శీతకాలానికి గుర్తు. చలిలో 10డబ్ల్యు తరగతి వలె పారుతూ, వేడిలో 30 వలె చిక్కదనం నిలుపుకొనే నూనె అది. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకొని, వేడికి విచ్చుకొనే పొడవైన అణువులను కలిపి ఈ గుణం తెప్పిస్తారు.

గడ్డికోత యంత్రానికి రేడియేటరు, నీళ్లు ఉండవు, గాలితోనే చల్లబడాలి. కనుక ఎండ తీవ్రత దాని మీద నేరుగా పడుతుంది. అమెరికాలోని బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థ తన చిన్న ఇంజన్లకు 4 డిగ్రీల పైబడిన వాతావరణంలో ఎస్.ఏ.ఇ. 30 వాడవచ్చుననీ, 27 డిగ్రీలు దాటితే 10డబ్ల్యు-30 నూనె ఎక్కువగా ఖర్చు కావచ్చుననీ సూచించినది. హోండా సంస్థ సామాన్యంగా 10డబ్ల్యు-30 వాడమంటుంది. మన కర్నూలు, కడప ప్రాంతాలలో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే; చలికాలపు తెల్లవారుజామున కూడా 4 డిగ్రీలకు దిగదు. కనుక యంత్రం పుస్తకం రెండింటినీ అనుమతిస్తే మనకు ఎస్.ఏ.ఇ. 30 మేలు. పుస్తకం 10డబ్ల్యు-30 మాత్రమే చెప్పితే అదే పోసి, వేసవిలో మట్టం తరచుగా చూచుకోవాలి. మోటారు సైకిలుకు వాడే 20డబ్ల్యు-40 డబ్బాను దుకాణదారు చేతికి ఇచ్చినంత మాత్రాన తీసుకొనరాదు. పుస్తకంలో ఆ తరగతి ఉన్నదా అని చూడాలి.

అంకెల పక్కన ఏ.పి.ఐ. అనే గుర్తుతో రెండక్షరాలు ఉంటాయి. మొదటి అక్షరం ఎస్ అయితే పెట్రోలు ఇంజన్‌కు, సి అయితే డీజిలు ఇంజన్‌కు అని అర్థం. పెట్రోలు నూనెలలో రెండవ అక్షరం వర్ణక్రమంలో ఎంత ముందుకు పోతే ప్రమాణం అంత కొత్తది. పుస్తకం ఎస్.జె. లేదా అంతకు మించినది అని చెప్పితే, 2010లో వచ్చిన ఎస్.ఎన్., 2020లో వచ్చిన ఎస్.పి. కూడా పనికివస్తాయి.

కొలత సంగతి కూడా ముఖ్యం. తోసుకొనిపోయే యంత్రాలలో చాలావాటికి అర లీటరు, లేదా దానికి కొంచెం పైన నూనె సరిపోతుంది. లీటరు డబ్బా కొన్నాము గదా అని అంతా పోస్తే నూనె నురగ కడుతుంది, నీలిపొగ వస్తుంది, గాలి జల్లెడ తడిసిపోతుంది. సమతలం మీద నిలిపి, కొలత పుల్ల తుడిచి ముంచి, రెండు గీతల నడుమ మట్టం ఉన్నదో లేదో ప్రతిసారీ నడిపే ముందు చూడాలి. కొత్త ఇంజన్‌కు మొదటి 5 గంటల తరువాత, ఆపైన 50 గంటలకో, సంవత్సరానికో ఒకసారి నూనె మార్చమని అనేక పుస్తకాలు చెప్పుతున్నవి. మార్చే ముందు స్పార్క్ ప్లగ్ తీగ తీసివేయాలి. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు వంపితే మసి కూడా నూనెతో పాటు బయటికి వస్తుంది. వాడిన నూనెను చెట్ల మొదళ్లలో గాని, కాలువలో గాని పోయరాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలలో అది చేరి ఉన్నది. అనుమతి పొందిన సేకరణదారులకే ఇవ్వాలి.

మేము ఈ విషయాలను ఒక పుట ఉర్దూలో, ఒక పుట తెలుగులో వ్రాసి యంత్రం ఉంచే గది తలుపుకు అంటించాము. చాచాకు చదివి వినిపించాము. ఆయన అంతా విని, "ఇంతేనా సార్? ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే చాలునే" అన్నారు. మాకు సమాధానం తోచలేదు. ఆ బీరువా ముందు నుంచి దినమూ నడిచిపోయే ఉపన్యాసకులలో ఆంగ్లం రానివారు ఒక్కరూ లేరు. పుస్తకం తీసి రెండు వాక్యాలు చదివి చెప్పిన వారూ ఒక్కరు లేరు. ఆ లెక్కలో మేమూ ఉన్నాము.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. చెప్పని విషయం తెలియకపోవడం ఆయన తప్పు కాదు. మరమ్మతు భారం ఆయన జీతం మీద వేయవద్దు. రెండు భాషల పేరు పెట్టుకొన్న విద్యాలయంలో, పని చేసేవాని చేతికి యంత్రం ఇచ్చే రోజుననే దాని పద్ధతిని అతనికి వచ్చిన భాషలో వ్రాసి ఇచ్చే ఏర్పాటు చేయండి. అది కొన్ని కాగితాల ఖర్చు మాత్రమే.

విద్యార్థులారా! మీ ఇండ్లలోనూ నీటి పంపులు, మోటారు సైకిళ్లు, మందు కొట్టే యంత్రాలు ఉంటాయి. వాటి పుస్తకాలు ఏ అటక మీదనో ఉంటాయి. ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు ఒక్కదానిని దించి, దానిని నడిపే వారి పక్కన కూర్చుండి చదివి చెప్పండి. మీరు నేర్చిన చదువు ఇంటికి ఆ విధంగా కూడా ఉపయోగపడుతుంది.