చిన్న కారు కొనేముందు ఎత్తిపోతల దాకా ఒక లెక్క



2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు, సీఎన్‌జీ కార్ల మీద పన్ను 29 శాతం (28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్) నుంచి 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను ఉన్న కార్లకు ఇది వర్తిస్తుంది. పన్ను పదకొండు శాతం తగ్గింది కాబట్టి ధర కూడా అంతే తగ్గుతుందనుకోకండి. 129 రూపాయలయ్యేది 118 అయింది, అంటే తగ్గింది ఎనిమిదిన్నర శాతం. ఈ చిన్న లెక్కని మీ ఏడో తరగతి పిల్లల చేత చేయించి చూడండి. శాతాల పాఠం ఇంతకన్నా బాగా ఎక్కదు.

బండి మీద నలుగురం ఎన్నాళ్ళు తిరుగుతాం అనుకుంటున్న ఇళ్ళల్లో ఇప్పుడు కారు మాట నడుస్తోంది. కారు మాట రాగానే మన వైపు వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: ‘లీటరుకి ఎంత ఇస్తుంది?’ అడగాల్సిన ప్రశ్నే. కానీ మొదట అడగాల్సింది అది కాదు. నెలకి మనం ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాం? అసలు లెక్క అక్కడ మొదలవుతుంది.

రెండు కుటుంబాలను ఊహించుకుందాం. ఇద్దరూ నరసరావుపేట వాళ్ళే. మొదటి ఇంట్లో పిల్లలు స్కూలు బస్సులో వెళ్తారు. కారు ఆదివారాలకి, పెళ్ళిళ్ళకి, కోటప్పకొండకి, హాస్టల్లో ఉన్న పెద్దబ్బాయిని చూసి రావడానికి. నెలకి 500 కిలోమీటర్లు, ఏడాదికి 6,000. రెండో ఇంటాయన రోజూ గుంటూరు వెళ్ళి వస్తారు. రానూపోనూ తొంభై కిలోమీటర్లు, నెలకి పాతిక రోజులు, ఏడాదికి 27,000.

ఇద్దరి ముందూ రెండు కార్లున్నాయి. ఒకటి వాడకంలో లీటరుకి 20 ఇస్తుంది, రెండోది 16. పెట్రోలు లీటరు 110 రూపాయలనుకుందాం. మొదటి కుటుంబానికి ఒక కారుతో ఏడాదికి 300 లీటర్లు, రెండో కారుతో 375 లీటర్లు పడతాయి. తేడా 75 లీటర్లు, 8,250 రూపాయలు. నెలకి ఏడు వందలు కూడా లేదు. రెండో కుటుంబానికి అదే తేడా 37 వేలు దాటుతుంది. మైలేజీ కోసం వెతుక్కోవాల్సిన అవసరం రెండో ఇంటికి నిజంగా ఉంది. నెలకి ఏడు వందల కోసం మొదటి ఇల్లు ఏం వదులుకుంటోందో ఒకసారి చూసుకోవాలి. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

కంపెనీ వాళ్ళు చెప్పే అంకెలు అబద్ధాలు కావు. అవి వేరే పరిస్థితుల్లో కొలిచిన అంకెలు. సెలెరియోకి పాతికకి అటూఇటూగా, కొత్త స్విఫ్ట్ మాన్యువల్‌కి 24.80, ఆల్టో కే10కి 24.39, టియాగోకి ఇరవై దగ్గర అని చదువుతాం. ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు, ప్రయోగశాలలో రోలర్ల మీద జరుగుతుంది. నిర్ణీత పద్ధతిలో వేగం పెంచుతూ, తగ్గిస్తూ, గంటకి 90 కిలోమీటర్లు దాటకుండా, ఏసీ ఆపేసి నడుపుతారు. ఎండాకాలం రాగానే రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత అంటూ పేపర్లో కనిపించే రెంటచింతల మన జిల్లాలోనే ఉంది. ఏసీ ఆపి కారు నడిపేవాళ్ళు మే నెలలో ఇక్కడ ఎవరు దొరుకుతారు? కాబట్టి ఆ అంకెల్ని ఒక కారుతో ఇంకో కారును పోల్చడానికి మాత్రమే వాడండి. నెల ఖర్చు వేసుకోవడానికి వాడొద్దు.

నిజమైన అంకె కావాలంటే కొలవాలి. షోరూమ్ వాళ్ళిచ్చే నాలుగు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌లో అది తేలదు. మీరు చూస్తున్న కారే మీ బావగారి దగ్గరో, పక్కింటి వాళ్ళ దగ్గరో ఉండే ఉంటుంది. వాళ్ళు ఎటైనా వెళ్తున్నప్పుడు పిల్లల చేతికి ఒక నోట్‌బుక్ ఇచ్చి పంపండి. మన జిల్లాలో దీనికి ఎత్తిపోతల ప్రయాణం చక్కగా సరిపోతుంది. నరసరావుపేట నుంచి బయల్దేరితే పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల, మాచర్ల మీదుగా వెళ్ళొచ్చు. దారిలో ఊళ్ళూ, లారీలూ, ఖాళీ రోడ్డూ అన్నీ తగులుతాయి. చంద్రవంక డెబ్భై అడుగుల ఎత్తు నుంచి దూకే చోట పిల్లలకి చూడ్డానికి చాలా ఉంటుంది. (కింద మడుగులో మొసళ్ళున్నాయి, చూసేది పైనుంచే.)

కొలిచే పద్ధతి చెప్తాను. బయల్దేరేముందు బంకులో ట్యాంకు నింపించండి. గన్ దానంతట అది ‘టక్’మని ఆగిన చోట ఆపేయమనండి, రౌండ్ ఫిగరు కోసం ఇంకాస్త పోయించొద్దు. ట్రిప్ మీటరు సున్నా చేయండి. తిరిగొచ్చాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్ళీ గన్ ఆగేదాకా నింపించండి. ఇప్పుడు పట్టిన లీటర్లే ప్రయాణానికి ఖర్చయినవి. ట్రిప్ మీటరు 198 చూపించి, ట్యాంకులో 11 లీటర్లు పట్టాయనుకోండి, 198ని 11తో భాగిస్తే 18. డాష్‌బోర్డు మీద కనిపించే సగటు ఇంతకన్నా కాస్త ఎక్కువే చూపవచ్చు. నోట్‌బుక్‌లో అంకెని నమ్మండి. కారులో ఎంతమంది ఉన్నారు, ఏసీ ఎంతసేపు నడిచింది, టైర్లలో గాలి ఎప్పుడు పట్టించారు అన్నవి కూడా పక్కన రాయించండి. ఒక్కసారితో ఆపకుండా రెండు మూడు ప్రయాణాలకి కొలిస్తే ఇంకా మంచిది.

ఇక్కడ పెద్దవాళ్ళు కూడా తడబడే చోటు ఒకటుంది. 10 ఇచ్చే కారు మాని 15 ఇచ్చేది కొన్నా, 20 ఇచ్చేది మాని 25 ఇచ్చేది కొన్నా పెరిగింది అయిదే కదా, లాభం సమానమే అనిపిస్తుంది. సమానం కాదు. ఏడాదికి 10,000 కిలోమీటర్లకి మొదటి దాంట్లో 1,000 లీటర్లు కాస్తా 667 అవుతాయి. రెండో దాంట్లో 500 లీటర్లు 400 అవుతాయి. మొదటి చోట 333 లీటర్లు మిగిలితే రెండో చోట మిగిలేది వందే. ఎనిమిదో తరగతిలో చెప్పే విలోమానుపాతం ఇదే. ఐరోపాలో చాలా దేశాల్లో ‘లీటరుకి ఎన్ని కిలోమీటర్లు’ అనరు, ‘వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు’ అంటారు. మీరూ అలా మార్చి చూడండి. 20 ఇచ్చేది వందకి 5 లీటర్లు తాగుతుంది, 25 ఇచ్చేది 4 లీటర్లు. చిన్న కార్లన్నీ ఇప్పటికే పొదుపైనవే కాబట్టి, వాటి మధ్య తేడా ప్రకటనలో కనిపించినంత పెద్దగా జేబులో కనిపించదు.

సీఎన్‌జీకి కూడా ఇదే సూత్రం. అదే కారుకి సీఎన్‌జీ రకం ఎనభై, తొంభై వేలు ఎక్కువ పడుతుంది. 85 వేలే అనుకుందాం. కిలోకి 28 కిలోమీటర్లు, కిలో 90 రూపాయలు అనుకుంటే కిలోమీటరుకి 3 రూపాయల 21 పైసలు. 20 ఇచ్చే పెట్రోలు కారుకి 5 రూపాయల 50 పైసలు. గుంటూరు తిరిగే ఆయనకి పెట్టిన ఎక్కువ డబ్బు ఏడాదిన్నర లోపే తిరిగొస్తుంది. ఆదివారం కారుకి ఆరేళ్ళు పైన పడుతుంది. ధరలు మీ బంకులో ఉన్నవి వేసుకుని చేయండి. ప్రతి బంకులోనూ సీఎన్‌జీ ఉండదు కాబట్టి మీ దారిలో ఎక్కడుందో ముందే చూసుకోండి. డిక్కీ కూడా తెరిచి చూడండి. హాస్టల్ పిల్లల తల్లిదండ్రులకి వేరే చెప్పక్కర్లేదు: ట్రంకు పెట్టె, పరుపు, బకెట్, పచ్చడి జాడీలు. సిలిండరు డిక్కీలో ఉంటే ఇవన్నీ ఒళ్ళోకి వస్తాయి. టియాగో వంటి కొన్నిటిలో ఒక పెద్ద సిలిండరుకి బదులు రెండు చిన్నవి అడుగున అమర్చి కొంత చోటు మిగిల్చారు. పెట్రోలు రకాల్లో ఆల్టో కే10 డిక్కీ 214 లీటర్లు, వేగనార్‌ది 341. ఈ తేడా మైలేజీ తేడా కన్నా ముందు తెలిసొస్తుంది.

ఇక నెలకి ఏడు వందల సంగతి. కొందరు మైలేజీ పట్టికలో పై వరుస చూసి, భద్రత పట్టిక తెరవకుండానే అడ్వాన్సు కట్టేస్తారు. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కార్లను గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి, లోపలున్న బొమ్మలకి ఏమైందో కొలుస్తుంది. పెద్దలకి, పిల్లలకి విడివిడిగా నక్షత్రాలిస్తుంది. 2020లో టియాగోకి పెద్దల రక్షణలో 4, పిల్లల రక్షణలో 3 వచ్చాయి. 2023 ఏప్రిల్ ఫలితాల్లో ఆల్టో కే10కి పెద్దలకి 2, పిల్లలకి 0. వేగనార్‌కి పెద్దలకి 1, పిల్లలకి 0. అప్పుడు పరీక్షించినవి రెండు ఎయిర్‌బ్యాగుల కార్లు. 2025లో ఆల్టో కే10, వేగనార్, సెలెరియోలకి ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాల్లోనూ వచ్చాయి. అది మంచి మార్పే. అయితే ఎయిర్‌బ్యాగులు పెరిగినంత మాత్రాన పాత నక్షత్రాలు వాటంతటవే పెరగవు, కొత్తగా పరీక్ష జరిగితేనే పెరుగుతాయి. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. మీరు చూస్తున్న కారు ఫలితం అందులో ఉందేమో, ఉంటే పిల్లల నక్షత్రాలు ఎన్నో చూడండి. పరీక్షకి పంపడం కంపెనీల ఇష్టం. ఫలితం లేకపోతే ‘ఎందుకు లేదు’ అని సేల్స్ అబ్బాయిని అడగండి. ఆ అబ్బాయి దగ్గర జవాబు ఉండకపోవచ్చు, అయినా అడగండి.

నా మటుకు నేను మొదటి కుటుంబానికి 16 ఇచ్చే నాలుగు నక్షత్రాల కారే చెప్తాను. గుంటూరు ఆయనకి ఇంత గట్టిగా చెప్పలేను. ఏడాదికి 37 వేలు చిన్న మొత్తం కాదు. కానీ రోడ్డు మీద ఎక్కువసేపు ఉండేది కూడా ఆయనే.

ఎన్ని నక్షత్రాలున్నా బెల్టు పెట్టుకోకపోతే ప్రయోజనం లేదు. పిల్లాణ్ణి ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మన దగ్గర ముద్దుగా సాగిపోయే అలవాటు. బ్రేకు గట్టిగా పడితే ఆ బరువుని ఏ తల్లి చేతులూ ఆపలేవు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. షోరూమ్‌కి వెళ్ళేటప్పుడు పిల్లల్ని, అమ్మమ్మనో నానమ్మనో కూడా తీసుకెళ్ళి వెనక సీట్లో కూర్చోబెట్టండి. మధ్యలో కూర్చున్నవాళ్ళకి భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా? చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయా? పెద్దావిడ మోకాలు నొప్పి లేకుండా ఎక్కి దిగగలుగుతున్నారా? ఇవన్నీ అక్కడే పది నిమిషాల్లో తేలతాయి.

ధరల కాగితం అడిగేటప్పుడు ఎక్స్ షోరూమ్ కాదు, ఆన్‌రోడ్ ధర విడివిడిగా రాసివ్వమనండి: లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు. కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నియమం లేదు. బయట అడిగి పోల్చుకోండి.

పిల్లలకి ఈ నెల లెక్క: ఎత్తిపోతల వెళ్ళేటప్పుడు కారు లీటరుకి 15 ఇచ్చింది, అదే దారిలో తిరిగొచ్చేటప్పుడు 20 ఇచ్చింది. మొత్తం ప్రయాణానికి సగటు ఎంత? 17.5 అని రాసినవాళ్ళు మళ్ళీ చేయాలి. దూరం ఒక వైపు వంద కిలోమీటర్లనుకుని, రెండు వైపులా పట్టిన లీటర్లు వేరువేరుగా కట్టి చూడండి. జవాబు, చేసిన విధానంతో సహా, మీ లెక్కల టీచరుకి చూపించండి.