ఉప్పు చెప్పిన లెక్క

1947వ సంవత్సరమున దేశవిభజన జరిగినపుడు ఢిల్లీ నగరము అల్లకల్లోలమయ్యెను. మతకలహములకు వెరచి అల్పసంఖ్యాకవర్గమువారు పెద్దసంఖ్యలో ఎర్రకోటలో తలదాచుకొనిరి. కొద్దిమంది హుమాయూను సమాధి ఆవరణమున చేరిరి. వారికి అన్నము పెట్టు భారము ప్రభుత్వముపై పడెను. సరకులు సమకూర్చు పనిని గుత్తదారుల కప్పగించిరి.

కోటలో ఎందరున్నారో ప్రభుత్వమునకు తెలియదు. గుత్తదారులు చూపిన బిల్లులకు సొమ్ము చెల్లింపవలసి వచ్చుచుండెను. ఆ మొత్తములు చూచి అధికారులకు అనుమానము కలిగెను. అంచనా తగ్గించినచో ఆశ్రితులు పస్తుందురు. హెచ్చించినచో ప్రజాధనము గుత్తదారుల పాలగును. తుదకు గణాంకశాస్త్రజ్ఞులను పిలిపించిరి. వారు లోనికి పోయి తలలు లెక్కింతమన్నను, ఆ దినములలో వారి ప్రాణములకు పూచీపడగలవారు లేరు. వారికి దొరికిన ఆధారము ఆ బిల్లులే. బియ్యమెంత, పప్పెంత, ఉప్పెంత కొనిరో వానిలో ఉండెను.

భారత గణాంక సంస్థతో చిరకాల సంబంధముగల జె. ఎం. సేన్‌గుప్తాకు ఒక ఉపాయము తోచెను. మనిషి దినమునకు సగటున ఏ వస్తువు నెంత తినునో అంతకుముందు జరిగిన పరిశీలనలవలన తెలిసియుండెను. సరకు మొత్తమును ఆ తలసరి కొలతతో భాగించినచో జనసంఖ్య రావలెను గదా!

సులభముగా బోధపడుటకు కొన్ని అంకెలను ఊహింతము. ఒక దినపు బిల్లులో బియ్యము 8,000 కిలోలు, పప్పు 750 కిలోలు, ఉప్పు 100 కిలోలు ఉన్నవనుకొందము. మనిషికి బియ్యము 400 గ్రాములు, పప్పు 50 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు చాలును. బియ్యము ప్రకారము జనులు 20,000. పప్పు ప్రకారము 15,000. ఉప్పు ప్రకారము 10,000. తినువారు ఒక్కరే, లెక్కలు మూడు!

నిజమైన బిల్లులలోను ఇట్లే జరిగెను. బియ్యపు లెక్క అన్నిటికంటె హెచ్చుగను, ఉప్పు లెక్క అన్నిటికంటె తక్కువగను వచ్చెను. బియ్యము ప్రియమైన సరకు. దానిని పెంచి వ్రాసిన లాభము కలదు. ఉప్పు మిక్కిలి చౌక. దానిని పెంచి వ్రాసిన మిగులునది స్వల్పము. కావున ఉప్పు మాటయే నమ్మదగినదని వారు నిశ్చయించిరి.

అయినను ఇది ఊహయే కదా, దీనికి పరీక్ష యేది? జనులు తక్కువగా నున్న హుమాయూను సమాధివద్ద ఈ పద్ధతినే ప్రయోగించి చూచిరి. ఫలితము సరిపోయెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి జగత్ప్రసిద్ధులైన సి. ఆర్. రావుగారు (1920–2023) ఈ వృత్తాంతమును ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అను గ్రంథమున వ్రాసిరి. నేడు దత్తాంశశాస్త్రమని పిలువబడు విద్యకు ఇట్టివే ఓనమాలు. వీనికి యంత్రములు అక్కరలేదు. భాగహారము వచ్చిన పిల్లవాడు చాలును.

పల్లెలలో విందు జరిగినపుడు ఎందరు భుజించిరో తెలియుటకు ఎత్తివేసిన విస్తళ్ళను లెక్కించుట కలదు. చిన్నతరగతుల పిల్లలకు ఈ పని నప్పగించిన ఉత్సాహముతో చేయుదురు. పిమ్మట వారిని అడుగవలసిన ప్రశ్నలు రెండు: విస్తరి చినిగి రెండవది వేయించుకొన్నవారెందరు? తల్లి విస్తరిలోనే తిన్న పసివాండ్రెందరు? మొదటివారివలన లెక్క పెరుగును, రెండవవారివలన తరుగును. ఇక పంక్తిలో మనిషికొకటి చొప్పున పంచిన అరటిపండ్లెన్నియో వంటవారి నడిగి, ఆ రెండు లెక్కలు పొసగినవో లేదో, పొసగనిచో ఏల పొసగలేదో పిల్లలే చెప్పుదురు.