మూడు రోజుల మర్యాద

2025లో మార్చి 30, ఆదివారం ఉగాది. ఆ సాయంత్రమే షవ్వాల్ నెలవంక కనిపించింది. మర్నాడు సోమవారం రంజాన్ పండుగ. శనివారం సెలవున్నవారికి వరుసగా మూడు రోజులు కలిసొచ్చాయి. ఇలాంటి సెలవులు వచ్చాయంటే మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్లు చుట్టాలతో నిండిపోతాయి. ఒకప్పుడు పండుగకు పిల్లలు ఊరికి వెళ్లేవారు. ఇప్పుడు పిల్లల ఉద్యోగాలు, మనవళ్ల చదువులు చూసి పెద్దవాళ్లే బస్సెక్కి వస్తున్నారు.

రెండు పడక గదుల ఇంట్లో ఎనిమిది మంది. హాల్లో పరుపులు, బాత్‌రూమ్ దగ్గర వరుస, వంటింట్లో ఆరని పొయ్యి. సంతోషమే! కాని ఆ సంతోషం చాటున ఇల్లాలి అలసట, ఇంటాయన అప్పు, వచ్చినవారి మొహమాటం ఉంటాయి. మొదటి రోజు నవ్వుతూ పలికిన నోరే నాలుగో రోజు ముక్తసరిగా పలుకుతుంది. మరుసటి ఏడాది ‘ఈసారి మీరు శ్రమపడకండి, వీలైతే మేమే వస్తాం’ అని ఫోన్ వెళుతుంది. బంధుత్వపు తలుపు ఒక్కసారిగా మూసుకోదు. ఇలా కొద్దికొద్దిగా మూసుకుంటుంది. అది మూసుకోకుండా ఉండాలనే ఇస్లాం అతిథికి హక్కునూ, ఆ హక్కుకు హద్దునూ నేర్పింది.

ఇబ్రాహీం (అ) గారి ఇల్లు

ఖుర్ఆన్‌లోని జారియాత్ సూరాలో (51:24–27) ఇబ్రాహీం ప్రవక్త (అ) ఇంటికి వచ్చిన అతిథుల ప్రస్తావన ఉంది. వారు ముఖపరిచయం లేనివారు. సలాం చెప్పారు, ఆయన సలాం చెప్పారు. తర్వాత చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లి, బలిసిన ఆవుదూడ మాంసం సిద్ధం చేయించి తెచ్చి, వారి దగ్గరగా పెట్టి, తినరా అని మృదువుగా అడిగారు.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. ‘భోంచేస్తారా, తినే వచ్చారా?’ అని అడిగి ఆయన అతిథిని మొహమాటపెట్టలేదు. పెట్టేదేదో వారి ముందుకే తెచ్చి పెట్టారు. తన దగ్గర ఉన్నదానిలో మేలైనది పెట్టారు. ఈ మూడోది మనం బాగా గుర్తుంచుకోవాలి. దూడ ఉన్నవారు దూడ పెట్టారు. ఖర్జూరాలే ఉన్నవారికి ఖర్జూరాలే మర్యాద. బంధువులకు, నిరుపేదలకు, బాటసారులకు వారి హక్కు ఇవ్వమని చెప్పిన చోటే దుబారా వద్దని కూడా ఖుర్ఆన్ హెచ్చరించింది (17:26–27). క్రెడిట్ కార్డు మీద బిర్యానీ పెట్టి, రెండు నెలలు వాయిదాలు కట్టమని మన ధర్మం చెప్పలేదు.

ఎన్ని రోజులు?

అబూ షురైహ్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దాని సారాంశం ఇది: ఒక పగలు, ఒక రాత్రి అతిథికి ప్రత్యేక మర్యాద, ఆతిథ్యం మూడు రోజులు, ఆపైన పెట్టేది దానం. ఆతిథేయుడు ఇబ్బందిపడేంత కాలం అతిథి ఉండిపోకూడదు.

ఈ లెక్క పాటిస్తే ఎంత భారం తగ్గుతుందో చూడండి. బగారా అన్నం, దాల్చా, కబాబులు మొదటి రోజుకు. తర్వాత ఇంట్లో ఏది వండితే అదే అందరికీ. పండుగ ఉదయం షీర్ ఖుర్మా ఎలాగూ ఉంటుంది. పూటకో విందు చేయాలన్న ఒత్తిడి లోకం పెట్టినదే గాని దీన్ పెట్టినది కాదు.

అయితే ఒక జాగ్రత్త. ఈ హదీసును తల్లిదండ్రుల మీద ప్రయోగించరాదు. అమ్మీ, అబ్బా కొడుకింట్లో, కూతురింట్లో అతిథులు కారు. వారి పట్ల ఉత్తమంగా మెలగడం అల్లాహ్ ఆరాధన వెంటనే చెప్పిన ఆజ్ఞ (17:23). వారికి రోజుల లెక్క లేదు, రిటర్న్ టికెట్ ఎప్పటికి అన్న ప్రశ్న లేదు.

వంటింటి వైపు చూసిన అతిథి

సల్మాన్ ఫార్సీ (రజి), అబూ దర్దా (రజి)ల మధ్య దైవప్రవక్త (స) సోదర బంధం ఏర్పరిచారు. ఒకసారి సల్మాన్ ఆయన ఇంటికి వెళ్లారు. అక్కడ ఆయన దృష్టి ముందుగా ఆ ఇంటి ఇల్లాలి మీద పడింది. ఆమె మాసిన, సాదాసీదా బట్టలతో ఉన్నారు. కారణం అడిగితే, భర్త ఉపవాసాలు, రాత్రి నమాజులలో మునిగి ఇంటిని పట్టించుకోవడం లేదని తెలిసింది. అప్పుడు సల్మాన్ ఆయనకు హితవు చెప్పారు: నీ ప్రభువుకు నీపై హక్కుంది, నీ శరీరానికి హక్కుంది, నీ ఇల్లాలికీ హక్కుంది, ఎవరి హక్కు వారికివ్వు. దైవప్రవక్త (స) ఆ మాట నిజమేనన్నారు.

అతిథి అంటే అలా ఉండాలి. 2025లో ఆ శనివారం రాత్రి రంజాన్ 29వ రాత్రి, బేసి రాత్రి. ఇంటి మగవారు మసీదులో ఉంటే, ఇల్లాలు సహరీకి ఎనిమిది మందికి రొట్టెలు చేస్తూ ఆ రాత్రిని పోగొట్టుకుంటే, ఆమె హక్కు ఎవరు తీర్చాలి? దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటి పనుల్లో చేయి వేసేవారని ఆయిషా (రజి) తెలిపారు. కొడుకు గిన్నెలు కడిగితే, ఖాలా ఉల్లిపాయలు తరిగితే, చిచ్చా పిల్లల్ని చూసుకుంటే ఎవరి గౌరవమూ తగ్గదు.

పనిమనిషినీ మరచిపోవద్దు. మన ఇఫ్తార్ అంట్లు రెండింతలైన ఆ ఆదివారం ఆమెకు ఉగాది. ఆ రోజు ఆమెకు సెలవివ్వడం, మిగతా రోజుల అదనపు పనికి అదనంగా చెల్లించడం కూడా అతిథి మర్యాదలో భాగమే.

సరాయి గుర్తుచేసేది

1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ నుంచి కొద్ది దూరంలోనే షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఉంది. రెండంతస్తుల్లో గదులు, గుర్రాలకు కొట్టాలు, దగ్గరలో మసీదు. ఎవరి ఇంటికీ చుట్టం కాని బాటసారికి అక్కడ చోటుండేది. మక్కాలో నిజాముల కాలం నాటి రుబాత్ కూడా అలాంటిదే. పూర్వపు హైదరాబాదు సంస్థానం ప్రాంతాల హజ్ యాత్రికులకు అందులో ఉచిత బస. ఒక్క ఇల్లు మోయలేని ఆతిథ్యాన్ని పదిమంది కలిసి మోయవచ్చునని పెద్దలు ఇలా చూపించారు.

నేటి బాటసారులు మన చుట్టూనే ఉన్నారు. సెలవు దొరక్క హాస్టల్ గదిలో ఒంటరిగా పండుగ గడిపే కుర్రాడు, ఊరి నుంచి రోగిని తెచ్చి ఆసుపత్రి వరండాలో పడుకునే తల్లి, గేటు దగ్గర కాపలా మనిషి. వీరెవరూ మన తలుపు తట్టరు. పిల్లల్ని నిద్రపుచ్చి, దీపం ఆర్పి, తాము తిన్నట్టు నటిస్తూ అతిథికి పెట్టిన అన్సారీ దంపతుల ఇంట్లో ఉన్నది పిల్లల భోజనమే. మన దస్తర్‌ఖాన్ మీద అంతకంటే ఎక్కువే ఉంటుంది.

వచ్చే పండుగకు మనం చేయగలిగినవి:

1. వచ్చే రోజు, వెళ్లే రోజు ముందే మాట్లాడుకుందాం.
2. మొదటి రోజు విందు, తర్వాత ఇంటి వంట.
3. వంటింటి పని అందరం పంచుకుందాం.
4. విందు ఖర్చులో కొంత తగ్గించి, ఇల్లు దాటి రాలేని అతిథి కోసం తీసిపెడదాం.
5. దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడు రెండు పళ్లేలు ఎక్కువ వేద్దాం.

అల్లాహ్ మన ఇళ్లకు బర్కత్‌ను, మన మనసులకు విశాలతను ప్రసాదించుగాక. ఆమీన్.