కొమ్ముకోయ బొమ్మలు

ప్రశ్న: దుమ్ముగూడెం ఆనకట్టను, పర్ణశాలను చూచి వచ్చుచు కొమ్ముకోయ దంపతుల మట్టిబొమ్మలను కొంటిని. అవి కాల్చినవో కావో ఎట్లు తెలియును? ఎట్లు భద్రపరుపవలెను?

జవాబు: అమ్మా, బొమ్మను తలక్రిందులు చేసి, రంగు అంటని అడుగుభాగమున తడివ్రేలితో మెల్లగా అద్దిచూడుడు, కాలిన మట్టియైనచో ఆ తేమను పీల్చుకొని గట్టిగానే యుండును, పచ్చిమట్టియైనచో వ్రేలికి బురద యంటును, గోటితో గీచినప్పుడు తెల్లని పొడి రాలెనేని అది ప్లాస్టరుతో పోతపోసినది. కాల్చినదానినైనను కడుగరాదు, పిదప పూసిన రంగులు కరగిపోవును గనుక మెత్తని కుంచెతో దులుపుట చాలును. బొమ్మ తలపైని కొమ్ములే మొదట విరుగును, కావున మొండెమును పట్టి యెత్తుడు.

ఇంతకన్న ముఖ్యమని నాకు తోచునది వేరొకటి కలదు. కోయల కొమ్ము నృత్యమున అడవిదున్న కొమ్ముల తలపాగ ధరించి, పెద్దడోలు మెడకు వ్రేలాడవైచుకొని ఆడువారు పురుషులు. స్త్రీలు గజ్జెలు కట్టి వారితో అడుగు కలుపుదురు. స్త్రీ తలపై కొమ్ములు నిలిపిన బొమ్మను చూచినప్పుడెల్ల నా మనస్సు చివుక్కుమనును. ‘గిరిజన దంపతులు’ అని మాత్రమే చెప్పి యమ్మువానికన్న, అది ఎవరి యాటయో, ఏ చేతి పనియో చెప్పగలవానియొద్ద కొనుడు. చేసినవాని పేరును, ఊరును, కొన్న తేదీని చీటిపై పెన్సిలుతో వ్రాసి బొమ్మ బోలుకడుపులో నుంచుడు.