చెరువుకట్టపై పదిమంది ఆలోచన
(వరదవేళ నిర్ణయము చేయు విధము)



2023 జూలై 29వ తేదీన మట్టెవాడకు సమీపముననున్న భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపున గండి పడినది. దిగువనున్న జనమును తరలించి, ఇసుక బస్తాలతో గండి పూడ్చవలసి వచ్చినది. అంతకు రెండు దినముల ముందు, జూలై 27 ఉదయమునకు, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైనది. అట్టి వాన మరల రాదనుకొనరాదు. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగినచో ఆ నీరంతయు క్రింది చెరువుపై బడును.

అట్టి వేళ కట్టమీద తెలిసినవారు పలువురు చేరుదురు. నీరటికి తూము, మత్తడి తెలియును. ఇంజనీరుకు కట్ట బలము తెలియును. దిగువ రైతుకు వాగు పోకడ తెలియును. ఏ ఇంట వృద్ధులు, పసివారు కలరో పంచాయతీ కార్యదర్శికి తెలియును. అన్నియు తెలిసినవారెవరును లేరు. అయినను తరచు జరుగునదేమి? హోదా గలవారు ముందు మాటలాడుదురు; తక్కినవారు తలయూపుదురు. కట్ట దిగువన ఊటను చూచివచ్చిన నీరటి వెనుకనే నిలిచిపోవును. ఊట తేటగా నున్నచో కనిపెట్టి యుండవచ్చును. బురదగా నున్నచో కట్టలోని మన్ను కొట్టుకొని పోవుచున్నదన్నమాట. ఈ ఒక్క సంగతి ఆలస్యముగా తెలిసినచో ప్రాణములకే ముప్పు.

కావున ఈ పద్ధతిని పాటింపుడు:

1. తొలకరికి ముందే, తుది మాట చెప్పవలసిన వారినొకరిని, వారు లేనప్పుడు చెప్పవలసిన వారిని ఏర్పరచుకొనుడు.

2. ఇంజనీరు సలహాతో మత్తడి దగ్గర రంగు గీతలు గీయుడు. నీరు మొదటి గీతకు వచ్చినచో రాత్రింబవళ్లు కాపలా. రెండవ గీతకు వచ్చినచో దిగువ ఇండ్లు ఖాళీ. వానలో నిలిచి వాదించుటకు వ్యవధి యుండదు.

3. చిన్నవారు మొదట, పెద్దవారు కడపట మాటలాడవలెను. కంట చూచినది వేరుగా, ఊహించినది వేరుగా చెప్పవలెను.

4. "మన లెక్క తప్పినచో ఏమగును?" అని అడుగుటకే ఒకరిని నియమింపుడు.

5. అరగంటకొకసారి నీటిమట్టము చూచి, నిర్ణయమును మరల పరిశీలింపుడు. వేళ, నిర్ణయము, కారణము పుస్తకములో వ్రాయుడు.

6. అభిప్రాయములు కలియనిచో ముందు మనుష్యులను, పశువులను తరలింపుడు. క్రింది గ్రామములకు తెలుపక, ఇంజనీరు అనుమతి లేక, కట్టను గాని మత్తడిని గాని కోయరాదు.

జనమును తరలించిన పిమ్మట గండి పడకపోవచ్చును. అప్పుడు, "అనవసరముగా భయపెట్టితివి" అని హెచ్చరించినవానిని నిందింపకుడు. నిందించినచో మరుసటి ఏడు బురద ఊటను చూచినవాడును నోరు విప్పడు. మునిగిన పొలమున మరల నాటు వేయవచ్చును. పోయిన ప్రాణము తిరిగి రాదు.