తాగునీటి గొట్టాలలో కాలుష్య ప్రవేశం: సికింద్రాబాద్ అనుభవం, విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

బోరుబావి నీటిని బిందు సేద్యానికి వాడదలచిన రైతు సలహా కోరి వచ్చినప్పుడు ముందుగా నీటి పరీక్ష చేయించమంటాం. విద్యుత్ వాహకత, ఉదజని సూచిక, అవశేష సోడియం కార్బొనేటు విలువలు చూసిన తరువాతనే మాట్లాడతాం. అదే రైతు ఇంటి ముంగిట ఉన్న నల్లా నీటి ప్రస్తావన వస్తే అది మన పరిధి కాదని ఊరుకుంటాం. శుద్ధి కేంద్రం నుండి వచ్చిన నీరు కనుక పరిశుభ్రంగానే ఉంటుందని రైతుతోపాటు మనమూ భావిస్తాం. శుద్ధి కేంద్రం దాటే వేళకు ఆ నీరు సాధారణంగా పరిశుభ్రమైనదే. అది చెడిపోయేది తరువాత, వీధి గొట్టంలో, అందునా ఆ గొట్టం ఖాళీగా ఉన్న సమయంలో. ఆ ప్రక్రియ ఎలా జరుగుతుంది, అందులో వ్యవసాయదారుల అలవాట్లకు ఉన్న భాగమెంత, క్షేత్రస్థాయిలో దానిని ఎలా కనిపెట్టవచ్చు అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

భోలక్‌పూర్ సంఘటన

1806లో మూడవ నిజాం సికిందర్ జా పేరిట ఏర్పడిన సికింద్రాబాద్‌కు అతి సమీపంలోని జలాశయం హుస్సేన్ సాగర్. కుతుబ్ షాహీల కాలం నాటి ఆ చెరువు ఒకప్పుడు తాగునీటి వనరు. 1908 మూసీ వరదల అనంతరం నిర్మించిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జంట నగరాల అవసరాలను కొన్ని దశాబ్దాలు తీర్చాయి. 1960ల నుండి మంజీర, 2004 నుండి కృష్ణ, 2015 నుండి గోదావరి జలాలు తోడయ్యాయి. నీటి వనరు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరానికి జరిగింది, దానితోపాటు శుద్ధి ప్రక్రియ కూడా మెరుగుపడింది. పాత బస్తీల ఇరుకు సందులలో మురుగు కాలువ ప్రక్కగా, కొన్నిచోట్ల మురుగు కాలువ గుండానే సాగే చివరి గొట్టం మాత్రం చాలావరకు అలాగే మిగిలిపోయింది.

దీని పర్యవసానం 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కనిపించింది. ముషీరాబాద్‌ను ఆనుకొని, సికింద్రాబాద్ స్టేషనుకు కొద్ది దూరంలోనే ఉన్న ఈ బస్తీ తోళ్ళ గోదాములకు, పాత సామాను వ్యాపారానికి ప్రసిద్ధి. తాగునీటి గొట్టంలో మురుగు కలిసింది. వందలాది మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. పలువురు మరణించారు. బాధితులలో కలరా కారక సూక్ష్మజీవిని గుర్తించారు. రోగులను చేర్చిన నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద ఉంది. 1897లో మలేరియా పరాన్నజీవిని దోమలో చూపిన పరిశోధన ఆయన చేసినది సికింద్రాబాద్‌లోనే. శతాబ్ద కాలం తరువాత అదే నగరంలో ఒక వీధి గొట్టం ప్రాణాలు తీసింది. ఇందులో కొత్తగా కనిపెట్టవలసిన శాస్త్రమేమీ లేదన్నదే బాధాకరమైన విషయం.

ఖాళీ గొట్టం ఎందుకు ప్రమాదకరం

బిందు సేద్యం తెలిసినవారికి ఈ సూత్రం కొత్త కాదు. పంపు ఆపగానే లేటరల్ గొట్టాలలోని నీరు పల్లానికి జారుతుంది. వెనుక శూన్యం ఏర్పడుతుంది. ఆ శూన్యం డ్రిప్పర్ల గుండా చుట్టూ ఉన్న బురద నీటిని లోనికి పీలుస్తుంది. డ్రిప్పర్లు పూడుకుపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం కనుకనే ఎత్తైన చోట ఎయిర్ వాల్వు తప్పనిసరిగా పెట్టమంటాం. పట్టణపు నీటి గొట్టంలో జరిగేది కూడా ఇదే. గొట్టంలో పీడనం ఉన్నంతసేపు పగుళ్ళ నుండి నీరు బయటికి కారుతుంది. సరఫరా నిలిచిపోయిన తరువాత అవే పగుళ్ళ నుండి బయటి నీరు లోనికి వస్తుంది. రోజు విడిచి రోజు ఒక గంట నీరు వదిలే చోట మిగిలిన కాలమంతా గొట్టం బయటి మురుగుకు తెరచిన ద్వారమే.

కర్ణాటకలోని హుబ్లీ–ధార్వాడ్ జంట నగరాలలో కొన్ని వార్డులకు నిరంతర సరఫరా, మిగిలిన వాటికి విడతల సరఫరా ఉన్నందున పోల్చి చూసే అవకాశం పరిశోధకులకు దొరికింది. విడతల సరఫరా ఉన్న వార్డుల నల్లాలలో ఈ.కోలై చాలా తరచుగా కనిపించింది. సరఫరా మొదలైన తొలి నిమిషాలలో వచ్చే నీటిలో కాలుష్యం ఎక్కువ. రోజూ తొలి బిందె నీటిని పారబోసే మన గృహిణుల అలవాటుకు శాస్త్రీయ ఆధారం ఉంది.

ఈ దుస్థితిని మరింత పెంచే అలవాట్లు రెండు. మొదటిది, వీధి గొట్టానికి నేరుగా మోటారు తగిలించడం. ఒక ఇంటివారు మోటారు వేస్తే ఆ వీధి మొత్తంలో పీడనం పడిపోతుంది, సరఫరా జరుగుతున్న వేళలోనే పీల్పు మొదలవుతుంది. రెండవది, నల్లాను గోతిలో పెట్టడం. నీరు ఎక్కని ఇళ్ళవారు గొట్టాన్ని నేలమట్టం కంటే కిందికి దించి, రెండు మూడు అడుగుల గొయ్యి తీసి, అందులో బిందె పెట్టి పట్టుకుంటారు. చాలాచోట్ల ఆ గొట్టానికి తిప్పు కూడా ఉండదు. బిందె పొంగిన నీరు, కాళ్ళు కడిగిన నీరు, వర్షపు నీరు ఆ గోతిలోనే నిలుస్తాయి. సరఫరా ఆగినప్పుడు గోతిలోని నీరు తిరిగి గొట్టంలోకి చేరుతుంది. మరుసటి విడతలో పక్క ఇంటి బిందెలో పడేది అదే. కాలువ చివరి ఆయకట్టు రైతు నీరందక గండి కొట్టడానికీ, చివరి ఇంటి ఇల్లాలు గొయ్యి తీయడానికీ కారణం ఒక్కటే. ఆమెను మందలించి ప్రయోజనం లేదు. చివరి ఇంటికి పీడనం చేరేట్లు చూడడమే దీనికి మందు.

పిచికారీ డ్రమ్ము

ఇంటి ముంగిట నల్లా వచ్చిన తరువాత పురుగు మందు కలిపే డ్రమ్మును ఆ నల్లా కిందికే తెచ్చి నింపుకోవడం గ్రామాలలోనూ, పట్టణ శివార్లలోనూ సాధారణమైంది. నురగ రాకూడదనో, సొట్ట పడిన గొట్టం జారిపోతుందనో గొట్టం కొసను డ్రమ్ములోని ద్రావణంలో ముంచి ఉంచుతారు. ఆ సమయంలో సరఫరా ఆగితే ద్రావణం వెనుకకు ప్రయాణిస్తుంది.

దీని తీవ్రత లెక్క వేస్తేగాని తెలియదు. మోనోక్రోటోఫాస్ 36 శాతం మందును లీటరు నీటికి 1.6 మి.లీ. చొప్పున కలిపితే ఒక లీటరు ద్రావణంలో సుమారు 570 మిల్లీగ్రాముల క్రియాశీల పదార్థం ఉంటుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం ఈ మందు లీటరుకు ఒక మైక్రోగ్రామును మించరాదు. అంటే వెనుకకు వెళ్ళిన ఒక్క లీటరు ద్రావణం ఆ పరిమితికి దిగడానికి సుమారు 5 లక్షల 70 వేల లీటర్ల నీరు కావాలి. 60 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకులు తొమ్మిది నిండినా చాలదు. క్లోరిన్ కలిపినా, నీటిని మరగించినా దీనిని సురక్షితం చేసినట్లు కాదు.

నివారణకు ఖర్చు లేదు. గొట్టం కొస డ్రమ్ము అంచు కంటే పైన ఉండాలి. ఆ ఎడం గొట్టం వ్యాసానికి కనీసం రెట్టింపు, ఏ పరిస్థితిలోనూ అంగుళానికి తగ్గకూడదు. ఇంకా మంచిది, నల్లా నీటిని బిందెతో తెచ్చి డ్రమ్ములో పోయడం. వెంచురీ ద్వారా ఎరువులు ఇచ్చేచోట నాన్ రిటర్న్ వాల్వు లేకుంటే యూరియా ద్రావణం బోరుబావిలోకే దిగుతుంది. మన ప్రదర్శనా క్షేత్రాలలో ఎరువుల ట్యాంకు చూపినంత శ్రద్ధగా ఈ వాల్వును చూపడం లేదు. శిక్షణా తరగతులలో సస్యరక్షణ పాఠం చివర ‘జాగ్రత్తలు’ అని ఐదు నిమిషాలలో ముగించే భాగంలో దీనికి చోటే లేదు.

పశువుల పేడ విషయంలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న పట్టణం ఉదాహరణ ప్రతి వ్యవసాయ విద్యార్థి తెలుసుకోదగినది. జనాభా 5 వేల లోపు. 2000 మే నెలలో భారీ వర్షాల తరువాత సమీప క్షేత్రంలో చల్లిన పేడ నుండి ఈ.కోలై ఓ157 అనే ప్రమాదకర రకం తాగునీటి బావిలోకి దిగింది. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు మరణించారు. న్యాయ విచారణలో రైతు తప్పేమీ లేదని, ఆయన పేడను సరైన పద్ధతిలోనే వాడాడని తేలింది. నీటి సరఫరా సిబ్బంది తగినంత క్లోరిన్ కలపలేదు. రోజువారీ రిజిస్టరులో మాత్రం కొలవకుండానే 0.5 లేదా 0.75 అని రాస్తూ వచ్చారు. ఊరిని ముంచింది ఆ అంకెలు.

అవశేష క్లోరిన్ ఏమి చెబుతుంది

సూక్ష్మజీవుల పరీక్షకు ప్రయోగశాల, ఒకటి రెండు రోజుల సమయం కావాలి. అవశేష క్లోరిన్ పరీక్ష నల్లా దగ్గర నిలబడి నిమిషంలో చేయవచ్చు. ప్రమాణం ప్రకారం నల్లా వద్ద స్వేచ్ఛా అవశేష క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. ఉండాలి. పంచాయతీల వద్ద ఉండే క్లోరోస్కోపులో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. రంగును వెంటనే చదవాలి. ఆలస్యమైతే అమ్మోనియాతో కలిసిన క్లోరిన్ కూడా రంగునిచ్చి విలువను ఎక్కువ చేసి చూపుతుంది. గులాబీ రంగునిచ్చే డి.పి.డి. బిళ్ళలు ఇంతకంటే మేలు.

ఈ పరీక్షను ‘క్లోరిన్ వేశారా, లేదా’ అని తెలుసుకోవడానికే వాడుతున్నారు. దాని అసలు విలువ వేరు. మురుగులోని సేంద్రియ పదార్థం, అమ్మోనియా క్లోరిన్‌ను హరిస్తాయి. ట్యాంకు వద్ద 0.6 ఉండి, వీధి మొదట్లో 0.5 ఉండి, ఆపై నాలుగు ఇళ్ళ తరువాత శూన్యమైతే ఆ నాలుగు ఇళ్ళ మధ్య ఎక్కడో మురుగు ప్రవేశిస్తున్నదని అనుమానించాలి. క్లోరిన్ మాయమైన చోటే పలుగు వేయాలి. ట్యాంకు వద్ద ఒక్క నమూనా తీసి వార్డు మొత్తానికి ఆ విలువ రాయడం వల్ల ఈ సమాచారమంతా పోతుంది. అనుమానం ఉన్నచోట హైడ్రోజన్ సల్ఫైడు సీసా వాడవచ్చు. 1982లో భారతీయ శాస్త్రజ్ఞులు మాంజా, మౌర్య, రావు ప్రకటించిన ఈ పరీక్షలో నీరు పోసిన సీసా ఒకటి రెండు రోజులలో నల్లబడితే మల కాలుష్యం ఉన్నదని గ్రహించాలి.

బ్లీచింగ్ పౌడరు మోతాదు లెక్క విద్యార్థులు చేసి చూడాలి. 60 వేల లీటర్ల ట్యాంకులో లీటరుకు 2 మి.గ్రా. చొప్పున 120 గ్రాముల క్లోరిన్ కావాలి. పౌడరులో 25 శాతం క్లోరిన్ ఉంటే 480 గ్రాములు సరిపోతుంది. మూత తీసి నెలల తరబడి ఉంచిన సంచిలో అది 15 శాతానికి పడిపోతే 800 గ్రాములు వేయాలి. విత్తన మొలక శాతం చూడకుండా ఎకరాకు విత్తన మోతాదు చెప్పడం ఎంత సబబో, పౌడరు బలం చూడకుండా ‘అరకిలో వేయండి’ అనడం అంతే సబబు. పౌడరును బకెట్టులో కలిపి, తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోసి, అరగంట ఆగి నీరు వదలాలి.

క్లోరిన్ తీర్చలేనివి వేరే ఉన్నాయి. నైట్రేటు లీటరుకు 45 మి.గ్రా., ఫ్లోరైడు 1.0 (ప్రత్యామ్నాయ వనరు లేనప్పుడు 1.5) మి.గ్రా. మించరాదు. నీటిని మరగిస్తే ఇవి తగ్గవు, పైగా చిక్కబడతాయి. నైట్రేటు పసిపిల్లలకు ప్రమాదకరం కనుక నత్రజని అధికంగా వాడే ప్రాంతాలలో బోరు నీటిని నల్లా నీటిలో కలిపి సరఫరా చేస్తున్నారా అన్నది ముందుగా విచారించాలి. నదీజలం వచ్చే ఇళ్ళలో సైతం క్యాన్ నీరు కొంటున్నారు. ఆర్.ఓ. యంత్రం నుండి వచ్చిన నీటిలో అవశేష క్లోరిన్ ఉండదు కనుక కడగని క్యాను దానిని సులభంగా కలుషితం చేస్తుందని వారికి చెప్పాలి.

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు గ్రామ వనరుల పటం ఎలాగూ గీస్తారు. అందులో నీటి గొట్టాలను, మురుగు కాలువలను వేర్వేరు రంగులలో గీసి, అవి ఒకదానినొకటి దాటే చోట్లను, గోతి నల్లాలను గుర్తించాలి. నమూనాలు ట్యాంకు వద్ద ఒకటి, ప్రతి వీధి మొదట ఒకటి, చివరి ఇంట ఒకటి తీయాలి. చివరి ఇంట రెండుసార్లు తీయాలి: నీరు వచ్చిన మొదటి నిమిషంలో, తిరిగి పావుగంట తరువాత. తొలకరి వర్షం పడిన మరునాడు ఈ పరీక్షను తప్పక చేయాలి. రిజిస్టరులో విలువతోపాటు సమయం, ఇంటి స్థానం, నీరు వదిలిన వేళ నమోదు చేయాలి. కొలవని రోజున ఆ గడిని ఖాళీగానే వదలాలి.