తోబుట్టువులకు పరీక్ష ఎందుకు?

చదువులో ముందుండే పిల్లవాడు మెల్లగా వెనకబడతాడు. చేతులు వణుకుతాయి. మాట ముద్దగా వస్తుంది. అయినదానికీ కానిదానికీ కోపం. ఇంట్లోవారు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. నెలలు గడిచిపోతాయి.

ఇలాంటి లక్షణాలకు కారణాలు చాలా ఉండవచ్చు. వాటిలో ఒకటి విల్సన్ వ్యాధి. 1912లో కిన్నియర్ విల్సన్ అనే వైద్యుడు దీన్ని వివరించాడు.

జబ్బు ఎలా వస్తుంది?

ఆహారంతో వచ్చే రాగిలో అవసరానికి మించినదాన్ని కాలేయం పైత్యరసం ద్వారా బయటికి పంపుతుంది. ఆ పనికి కావలసిన జన్యువు చెడితే రాగి ముందు కాలేయంలో, తర్వాత మెదడులో పేరుకుంటుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన జన్యువు వస్తేనే జబ్బు. ఒకరి నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు మాత్రమే, రోగి కాడు. వాహకులైన దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళలో ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి తల్లినొక్కదాన్నే నిందించడం అన్యాయం.

పరీక్ష, చికిత్స

కంటి పరీక్ష, రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, జన్యు పరీక్ష దారి చూపుతాయి. 1956లో జాన్ వాల్ష్ పెన్సిలమైన్ చికిత్సను పరిచయం చేశాడు. ట్రయెంటైన్, జింక్ కూడా ఉన్నాయి. మందు జీవితాంతం వాడాలి. తగ్గిందని మానేస్తే ప్రాణానికే ముప్పు.

మన బాధ్యత

హంటింగ్టన్ వంటి జబ్బును ఆపే మందు నేటికీ లేదు. అందుకే ‘నాకు తెలుసుకోవాలని లేదు’ అనే హక్కు పెద్దలకు ఉంది. లక్షణాలు లేని పిల్లలకు ఆ పరీక్ష చేయరు. విల్సన్ వ్యాధి అలా కాదు. లక్షణాలు రాకముందే మందు మొదలుపెడితే బిడ్డ ఆరోగ్యంగా బతకగలడు. అన్నకు జబ్బు తేలినప్పుడు, ‘పెళ్ళి కావలసిన పిల్ల, నలుగురికీ తెలిస్తే ఎలా?’ అని చెల్లెలి పరీక్ష వాయిదా వేయడం ఆమె హక్కును కాలరాయడమే.

తలకు గాయమైన ఒక వ్యక్తిని సహచరులు తెలియక స్నానం చేయమన్నారు. అతను మరణించాడు. తెలియనప్పుడు అడగకపోవడాన్ని దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా మందలించారు. అజ్ఞానానికి మందు అడిగి తెలుసుకోవడమేనని బోధించారు.

పరీక్ష ఫలితం అమానతు. దాన్ని ఊరంతా చాటకూడదు. పెళ్ళి చేసుకోబోయే వారి దగ్గర దాచనూ కూడదు.

దుఆ చేద్దాం, డాక్టరు దగ్గరకూ వెళదాం. అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.